నేను కలిపిన ఎర్ర తీగలు

మా ఫిజిక్స్ సార్ పోయి పది రోజులైంది. మిర్యాలగూడ నుంచి ఆయన బిడ్డ ఫోన్ చేసి చెప్పినప్పుడు నాకు ముందు కోదాడ గుర్తొచ్చింది.

సూర్యాపేటలో మేం పనిచేసిన ఆడపిల్లల బడిలో ఆయనది ఫిజిక్స్, నాది లెక్కలు. మా ఊరికి రైలు లేదు. రైలెక్కని పిల్లల కోసం సార్ ఒక బల్ల నిండా పట్టాలు, స్టేషను, సిగ్నళ్లు అమర్చి బొమ్మ రైలు తయారుచేసిండు. రైలుకు పన్నెండు వోల్టుల అడాప్టర్, సిగ్నల్ దీపాలకు ఐదు వోల్టులది. నాకూ ఓపికగా నేర్పిండు.

"నల్ల తీగలన్నీ ఒక్కతాన కలుపుర్రి మేడం. ఎర్రవి మాత్రం దేనిది దానికే."

తీగ బిగించినంక రెండుసార్లు మెల్లగా గుంజి చూసేటోడు. తప్పు చెప్పిన పిల్లను కసురుకునేటోడు కాదు. "మల్లొకసారి సూడు బిడ్డా" అనేటోడు, అంతే.

కోదాడ సైన్స్ ఫెయిర్ నాడు ఆయన పిల్లలకు టిఫిన్ పెట్టియ్యడానికి పోయిండు. అధికారులు వస్తున్నరని నేను తొందరపడి తీగలు బిగించిన. రెండు ఎర్రవీ ఒకే స్క్రూ కింద పెట్టిన. స్విచ్ వేయగానే రైలు పన్నెండు వోల్టులు దీపాలకు పోయి సిగ్నల్ బోర్డు నుంచి పొగ లేచింది. రైలు కదల్లేదు. నెలల తరబడి కష్టపడ్డ పిల్లలు ఏడ్చిన్రు.

"ఎవరు కలిపిన్రు ఇది?" అని అధికారి గద్దించిండు.

అప్పుడే వచ్చిన సార్ తీగల దిక్కు చూసిండు, నా దిక్కు చూసిండు. "నేనే సార్, నాదే పొరపాటు," అన్నడు.

నేను పక్కనే ఉన్న. నోరు తెరవలేదు. ఆయన రిటైరైన రోజు సభలో హెడ్మాస్టర్ ఆ పొగ సంగతి చెప్పి నవ్విస్తుంటే, అందరితోపాటు నేనూ నవ్విన. తర్వాత పండగకు పండగకు ఫోన్ చేసి, ఆరోగ్యం అడిగి పెట్టేసిన.

మొన్న మిర్యాలగూడలో వాళ్లింటికి పోయి ఆయన భార్యకు అంతా చెప్పుకున్న. ఆమె నా చెయ్యి పట్టుకున్నది.

"నాకెరుకనే అమ్మా. ‘మేడమే చెప్తది, నువ్వు అడగకు’ అన్నడు. మీ ఫోనొస్తే టీవీ బంద్ చేసి కూసునేటోడు."

వచ్చేటప్పుడు రైలు గేటు పడ్డది. ఆటో దిగి నిలబడ్డ. దామరచర్ల దిక్కు బొగ్గు బండి పోతున్నది, డబ్బా వెనక డబ్బా. ఆఖరి డబ్బాలో గార్డు ఒక్కడే, పచ్చజెండా చంకల పెట్టుకొని, వెనక్కే చూసుకుంటూ పోయిండు.