టీకి ఆపుతామన్నాను

మా అవ్వ పోయింది. పోయిన నెల, మదనపల్లెలో, ఆస్పత్రి మంచం మీద, మధ్యాహ్నం పూట. ఫోన్లో ఈ మాట చెప్పగానే అందరూ ఒకే ప్రశ్న అడిగారు: "ఎన్నేళ్ళు?" ఎనభై మూడో, నాలుగో అంటే, "పెద్ద వయసేలే" అన్నారు. ఆ మాటతో వాళ్ళ మనసు కుదుటపడింది. నాకు పడలేదు. ఆమె వయసు మీరి పోలేదు. నా వల్లే పోయింది అనడానికి ధైర్యం చాలదు, కాదనడానికి నోరు రాదు. అందుకే ఇది రాస్తున్నాను.

అవ్వ అంటే మా నాన్నకు అమ్మ. నోరు తెరిచి ఏదీ అడిగేది కాదు. బీపీ మాత్రలు అయిపోతే ఖాళీ అట్ట తెచ్చి నా బండి సీటు మీద పెట్టేది. చెప్పు తెగితే గడప దగ్గర, మా నాన్న కాలికి తగిలేట్టు వదిలేది. కళ్ళజోడు బిగువైతే టీవీ పైన పెట్టి, సీరియల్‌ని కళ్ళు చికిలించుకుని చూసేది. అమ్మ పోయాక ఇంట్లో మిగిలింది మేమిద్దరం మగవాళ్ళం, ఆమె. నా భార్య ఈ వేసవిలో కాన్పుకని కలికిరిలో పుట్టింట్లో ఉంది. అవ్వ భాష మా ఇద్దరికీ బాగా వచ్చనే అనుకున్నాం.

నాకు గుర్తున్నంతవరకు ఆమె నోటితో అడిగింది ఒక్కటే. కుప్పంలో ఆమె చెల్లెలు ఉంది, మాకు చిన్నవ్వ. ఆరేళ్ళుగా అక్కాచెల్లెళ్ళు ఒకరినొకరు చూసుకోలేదు. వీడియో కాల్ చేస్తే చిన్నవ్వ ఫోన్లో ఫ్యాను, సగం నుదురు కనిపించేవి. ఆమెకు చెవుడు, అందుకని అవ్వ వీధంతా వినబడేట్టు అరిచేది. మార్చిలో ఒకరోజు ఫోన్ పెట్టేసి నా వైపు తిరిగింది.

"దాని నుదురు సూసి సూసి బేజారైపోయిందప్పా. మొగం ఎట్లుండాదో ఏమో. ఒకసారి తీసకపోతావా?"

తీసుకుపోతానన్నాను. పుంగనూరు, పలమనేరు, బైరెడ్డిపల్లె, కుప్పం. కుర్రాళ్ళు టీ తాగే లోపల పోయొస్తామని కోతలు కోసే దూరం. అవ్వతో మాత్రం అది కాశీయాత్రే. ఎందుకంటే ఆమె అరగంటకోసారి బాత్రూంకు పోవాలి. తలుపు గడియ చప్పుడు రోజంతా వింటూనే ఉంటాం, ఆ సంగతి మాత్రం ఎవ్వరం ఎత్తం.

నేను జిరాక్స్ షాపు నడుపుతాను. కాగితం మీద పెట్టనిదే నాకు ఏ పనీ నమ్మకం కుదరదు. వారం రోజులు కూర్చుని ప్లాన్ వేశాను. పుంగనూరులో నా స్నేహితుడి అమ్మ ఇల్లు, ఆమె ఇంట్లోనే కుట్టుపని చేస్తుంది. పలమనేరులో ఒక హోటలు, బండి మీద వెళ్ళి వాళ్ళ బాత్రూం నా కళ్ళతో చూసుకుని వచ్చాను. బైరెడ్డిపల్లెలో మా నాన్న పాత స్నేహితుడి ఇల్లు. "బాత్రూం ఎట్లుంటుంది? మెట్లుండాయా? కూచునే సీటుండాదా?" అని ముక్కూమొహం తెలియని హోటలు వాణ్ణి కూడా అడిగాను. అవ్వ దగ్గర మాత్రం ఆ మాట ఎత్తలేకపోయాను. ఎట్లా ఎత్తేది? ఆమెకు సిగ్గు, నాకు అంతకన్నా సిగ్గు. ఆమె కూడబలుక్కుని చదువుకుంటుందని పెద్ద అక్షరాలతో ప్రింటు తీసి ఇచ్చాను. పుంగనూరు, టీ. పలమనేరు, టీ. బైరెడ్డిపల్లె, టీ.

వేలు పెట్టి చదివింది.

"ఇన్ని టీలు యాలప్పా? నాకొద్దు."

"ఊరికే కొంచేపు కాళ్ళు సాపుకోవచ్చులే అవ్వా."

"నా కోసం యాడా ఆపొద్దు. దారి మనదైనా బండి మనది కాదప్పా."

ఇది ఆమెకు అలవాటైన మాట. పెళ్ళిళ్ళకు పోయేటప్పుడు, ఆస్పత్రికి పోయేటప్పుడు, ఆటో ఎక్కినా ఇదే మాట. "బండి మనదే కదవ్వా!" అని నవ్వాను. ఆమె కూడా నవ్వింది. ఆ నవ్వుతో పని అయిపోయిందనుకున్నాను.

శనివారం పొద్దున బయల్దేరాలి. శుక్రవారం మధ్యాహ్నం నేను భోజనానికి వచ్చేసరికి ఆమె సంచి సర్దేసి ఉంది. చెల్లెలికి రెండు చీరలు, వేరుశనగ ఉండలు, అట్టపెట్టెలో టమోటాలు. "కుప్పంలో టమోటాలు దొరకవా అవ్వా?" అంటే, "మదనపల్లె నుంచి పోతా ఒట్టి సేతులతో పోతారా?" అంది. మంచం పక్కన ఎప్పుడూ నీళ్ళతో ఉండే స్టీలు చెంబు కిటికీలో బోర్లించి ఉంది. ఖాళీ మాత్రల అట్ట అర్థమైన వాణ్ణి, తోమి ఆరబెట్టిందిలే అనుకున్నాను.

ఆ సాయంత్రం చూస్తే మా కారు ఏసీ పని చెయ్యలేదు. మెకానిక్ ఒక రోజు అడిగాడు. ఎండకు అవ్వ తట్టుకోలేదని నేనే ప్రయాణం ఆదివారానికి మార్చాను. చెప్తే ఒక్క క్షణం నా మొహం చూసి, "సరేలేప్పా" అంది. శనివారమంతా చెంబు బోర్లించే ఉంది. సంగటి సగం ముద్ద తిని చాలంది. సంబరంలే అన్నాడు మా నాన్న. ఆ రోజు గడియ చప్పుడు కూడా వినబడలేదు. వినబడలేదని నాకు ఆస్పత్రిలో గుర్తొచ్చింది.

ఆదివారం పొద్దున కొత్త చీర కట్టుకుని గుమ్మం దాటింది. కారు తలుపు పట్టుకుని నన్ను మా నాన్న పేరుతో పిలిచింది. పెదవులు పగిలి ఉన్నాయి. సీట్లో కూలబడింది. నేను కారు కుప్పం వైపు కాక ఆస్పత్రి వైపు తిప్పాను.

"ఎప్పటినుంచి నీళ్ళు తాగలేదు?" అని అడిగింది డాక్టరమ్మ. ఒకే ఇంట్లో ఉండే ఇద్దరు మగవాళ్ళకు ఆ ప్రశ్నకు జవాబు తెలియలేదు. కిడ్నీలు దెబ్బతిన్నాయి, ఈ వయసులో కోలుకోవడం కష్టమని చెప్పింది.

సెలైన్ పెట్టాక అవ్వ కళ్ళు తెరిచి, "యాడికొచ్చినాం?" అంది. కార్లోనే ఉన్నాననుకుంటోంది. "పుంగనూరు అవ్వా" అన్నాను. మర్నాడు మళ్ళీ అడిగింది. "పలమనేరు దాటినాం." మూడో రోజు గొంతు సరిగా రాలేదు. చెవి ఆమె నోటి దగ్గర పెట్టి విని, "బైరెడ్డిపల్లె" అన్నాను. "బిరీన పోనీప్పా, అది ఎదురుసూస్తాంటాది" అంది. నాలుగో రోజు అడగలేదు. అడిగితే కుప్పం అనాలని నేను సిద్ధంగా కూర్చున్నాను.

పెద్దకర్మకు చిన్నవ్వను తీసుకురావడానికి నేనొక్కణ్ణే అదే దారిన పోయాను. పుంగనూరులో స్నేహితుడి అమ్మ గుమ్మంలోకి వచ్చి, కారు వెనక సీటు వైపు చూసి కళ్ళొత్తుకుంది. "అవ్వ కోసరమని గోడకు కడ్డీ ఏయించినా బేటా, పట్టుకోని లేసేదానికి" అంది. కాళ్ళు కడుక్కోవడానికి లోపలికి పోయాను. కొత్త కడ్డీ, నిండు బకెట్టు, కాగితం విప్పని సబ్బు. గోడకు ఆనుకుని ఏడ్చాను.

సాయంత్రానికి కుప్పం చేరాను. చిన్నవ్వ మొహం చూశాను. అచ్చం అవ్వే, కాస్త చిన్న అచ్చులో. మర్నాడు పొద్దున బయల్దేరేముందు చూస్తే ఆమె మంచం పక్కన చెంబు నేల మీద బోర్లించి ఉంది.

"ఈ చెంబు యాల బోర్లించినావు?" అని గట్టిగా అడిగాను.

"పయనం కదప్పా. మాయమ్మ మా ఇద్దరికీ నేర్పింది. బస్సోడు ఆపడు, ఆడోళ్ళు అడగగూడదు. ముందు దినం మధ్యాన్నమే సెంబు బోర్లిస్తే దారంతా నెమ్మది. అక్క నీకు సెప్పలేదా?"

చెప్పింది. కిటికీలో పెట్టి మరీ చెప్పింది. చదువుకోలేకపోయింది నేను.

ఆ చెంబు తిప్పి, కడిగి, నీళ్ళు నింపి ఆమె చేతిలో పెట్టాను. "నీళ్ళు తాగు చిన్నవ్వా. ఒంటికి పోవాలంటే ఆపుతాను" అన్నాను. వినబడలేదు. ఏందన్నట్టు చెయ్యి తిప్పింది. అవ్వ చెవిలో గుసగుసగానైనా చెప్పలేకపోయిన మాటను ఆ వీధంతా వినబడేట్టు అరిచాను. "ఒంటికి! ఆపుతాను! ఎన్నిసార్లైనా ఆపుతాను!" ఎదురింటివాళ్ళు తొంగిచూశారు. చిన్నవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "ఊరుకోప్పా, నలుగురు ఇంటారు" అంది. మీ అక్క ఇందుకే పోయిందని మాత్రం చెప్పలేకపోయాను.

బైరెడ్డిపల్లెలో ఆపాను, దిగనంది. పలమనేరులో ఆపాను, తల అడ్డంగా ఊపింది. పుంగనూరు దగ్గర పడుతుండగా అద్దంలో చూశాను. చిన్నవ్వ వెనక సీట్లో నిటారుగా కూర్చుని ఉంది. చెంబు ఒళ్ళో పెట్టుకుని, ఒక్క చుక్క తొణక్కుండా రెండు చేతులతో పట్టుకుంది. నీళ్ళు కుప్పంలో నేను పోసినన్నీ అట్లాగే ఉన్నాయి.