రాజు వేషం గొంతుతో పాప్ పాట

ఒమన్‌కు రాకముందు నేను యక్షగానం పాడేవాణ్ణి. జగిత్యాల వైపు ఊళ్ళలో మా మేళానికి మంచి పేరుండేది. రాజు వేషం నాదే. మైకులు లేని చోట చివర్న కూర్చున్న ముసలమ్మకు కూడా ప్రతి మాటా వినపడాలి. అలా పెరిగిన గొంతు నాది. ఆటలు తగ్గిపోయాక వీసా మీద వచ్చి రుసైల్‌లో ఒక గోదాములో చేరాను.

రూమ్‌లో పాడితే పక్కవాళ్ళు గోడ కొట్టేవారు. అందుకని శుక్రవారాలు అల్ హైల్ సముద్రం ఒడ్డుకు పోయి పాడుకునేవాణ్ణి. ఒక సాయంత్రం పిల్లలతో నడుస్తున్న ఒకావిడ నా పాట విని ఆగింది. భీమవరం వైపు మనిషి, నర్సు. చర్చిలో కీబోర్డు వాయిస్తుందట. స్నేహితులతో కలిసి చిన్న బ్యాండు పెట్టింది.

"అన్నయ్యా, మా పాటలకి గొంతు కావాలండి. పాడతారా?"

"ఏం పాటలు?"

"పాప్ అండి. మేం సొంతంగా కట్టుకున్నవి."

"గవి నాకు రావు చెల్లె," అన్నాను నవ్వుతూ. అయినా మరుసటి శుక్రవారం వాళ్ళింటికి వెళ్ళాను.

నేను నోరు తెరవగానే మైక్ కీచుమంది. గిటార్ వాయించే మలయాళీ ఆయన చెవులు మూసుకున్నాడు. గొంతు తగ్గిస్తే వణుకు వచ్చేది. కిరీటం, గజ్జెలు లేకుండా నిలబడితే చేతులెక్కడ పెట్టుకోవాలో కూడా తెలియలేదు. మానేద్దామనుకున్నాను.

"గొంతు అంత దూరం పంపక్కర్లేదండి," అంది నర్సు. "నొప్పితో ఉన్న పేషెంటు పక్కన కూర్చుని నేను మెల్లగా మాట్లాడతాను కదా, అలా పాడండి."

అప్పుడు నాకు తట్టింది. రూమ్‌లో అందరూ ఉండగా నా భార్యతో ఫోన్లో మాట్లాడే గొంతు ఒకటి నా దగ్గరుంది. ఆ గొంతుతోనే పాడాను. పాట అవగానే మలయాళీ ఆయన "ఫిర్ సే, భాయ్" అని మళ్ళీ పాడమన్నాడు.

ఆ పాట రికార్డు చేసి ఫోన్లలో పంచుకున్నాం. అది తిరిగి తిరిగి నాకు యక్షగానం నేర్పిన గురువు దగ్గరికి చేరింది. ఆయన ఫోన్ చేశాడు.

"ఏందిరా గది?"

"పాప్ పాట, సార్."

"పాట మంచిగనే ఉన్నది. నడుమల మాటలు మింగుతున్నవ్. మాట తెల్వకుంటే ఎవనికి పాడుతున్నవ్రా? పాడు, నేనింటా."

డ్యూటీ బస్సు కోసం నిలబడ్డ చోటే, ఎండలో, చరణం చరణం దిద్దించాడు. మేమా పాటను మళ్ళీ రికార్డు చేశాం.

ఈ చలికాలం షినాస్‌లో తెలుగువాళ్ళ కలయికకు మమ్మల్ని పిలిచారు. వేషం లేకుండా, ఇస్త్రీ చొక్కాతో స్టేజీ ఎక్కాను. రెండో చరణానికి ముందువరుస వాళ్ళు నాతో కలిసి పాడారు. దిగగానే సొహార్ నుంచి వచ్చిన ఒకాయన, తన కూతురి పెళ్ళికి పాడతారా అని అడిగాడు. నర్సు తన డ్యూటీలు చూసుకుని, "వస్తామండి" అంది. ఆ పెళ్ళి కోసం ఇప్పుడు కొత్త పాట కడుతున్నాం.