డ్యూటీ వెయ్యని బండి

నాన్న ఊరికే కూర్చోలేదు మామయ్యా. నిన్న భోజనాల దగ్గర అందరూ వింటుండగా నువ్వన్న మాటకి అప్పుడే జవాబు చెప్పేవాణ్ణి, చెల్లి నా చొక్కా పట్టుకుని లాగకపోతే. "పాపం బావ, అమెరికా వచ్చి ఇన్నేళ్ళూ ఊరికే కూర్చుని పోయాడు" అన్నావు. జాలితోనే అన్నావు. నాకు కోపం వచ్చింది ఆ జాలి మీదే.

చదివేవాళ్ళకి ముందు సంగతి చెప్పాలి. మా నాన్న పోయాడు. ఈ మే నెల మొదట్లో ఒక పొద్దున, మేముండే హెర్న్‌డన్‌లో మా అపార్ట్‌మెంట్ల ముందున్న స్కూల్ బస్ స్టాప్‌లో పిల్లలందర్నీ ఎక్కించి, డ్రైవర్‌కి చెయ్యూపి, పక్కనున్న గడ్డిలో కూర్చున్నాడు. మళ్ళీ లేవలేదు. హార్ట్ ఎటాక్ అన్నారు. నిన్నటితో కర్మ అయిపోయింది. దానికోసం దేశం అవతలి కొసనున్న ఫ్రీమాంట్ నుంచి వచ్చినవాడు మా మామయ్య, అమ్మకి అన్న. ఎప్పుడో సిటిజన్ అయిపోయాడు. మంచివాడే. కానీ ఇన్నేళ్ళలో మా ఇంట్లో ఒక్క సోమవారం కూడా లేడు. వచ్చినప్పుడల్లా వీకెండే వచ్చాడు. నాన్న ఏం చేసేవాడో ఆయన చూడలేదు. అందుకే రాస్తున్నాను. నాకు రాయడం అలవాటు లేదు, నాన్న ఇంట్లో నేర్పించిన తెలుగే, తప్పులుంటే సర్దుకోండి.

నాన్న నంద్యాల బస్టాండ్‌లో కంట్రోలర్. ఏ బస్సు ఏ ప్లాట్‌ఫారం మీదికి రావాలో, ఎప్పుడు కదలాలో చెప్పే ఉద్యోగం. మైక్‌లో వినిపించేది ఆయన గొంతే. "ప్రయాణికులకు విజ్ఞప్తి. ఆళ్ళగడ్డ మీదుగా కడప వెళ్ళు ఎక్స్‌ప్రెస్ మూడవ ప్లాట్‌ఫారంపై సిద్ధముగా ఉన్నది." పెళ్ళయ్యాక అమ్మని ఎంసీఏ చదివించింది ఆయనే. అమ్మకి అమెరికాలో ఉద్యోగం వచ్చి వెళ్ళినప్పుడు చెల్లికి ఇంకా ఏడాది నిండలేదు. రెండేళ్ళు మేమిద్దరం నాన్న దగ్గరే ఉన్నాం. డ్యూటీకి వెళ్తూ మమ్మల్ని కూడా తీసుకెళ్ళి కంట్రోలర్ గదిలో బెంచీ మీద కూర్చోబెట్టేవాడు. చెల్లి నిద్రపోతే మైక్‌లో గొంతు బాగా తగ్గించేసేవాడు.

"ఏందప్పా, ఇయ్యాల బస్సులు గుసగుసలాడతాండాయి" అని డ్రైవర్లు నవ్వేవాళ్ళు.

2003లో మేం ముగ్గురం డిపెండెంట్ వీసా మీద అమ్మ దగ్గరికి వచ్చాం. ఇక్కడి డల్లెస్ ఎయిర్‌పోర్ట్‌లో అమ్మ కింద కూర్చుని చేతులు చాపింది. చెల్లి నాన్న కాలు పట్టుకుని వదల్లేదు. "నాన్నా, ఈ ఆంటీ ఎవరు?" అంది. అమ్మ చాపిన చేతులు అట్లాగే ఉండిపోయాయి. నాన్న సూట్‌కేస్ మీద కూర్చుని, చేతిని మైక్‌లా పట్టుకుని, బస్టాండ్ గొంతుతో అన్నాడు: "ప్రయాణికులకు విజ్ఞప్తి. నంద్యాల నుంచి వచ్చిన పాప కొరకు వారి తల్లిగారు ఎంక్వయిరీ వద్ద వేచియున్నారు." చెల్లి నవ్వలేదు. కానీ కాలు వదిలింది. ఆ తర్వాత అమ్మ ఎంతసేపు ఏడ్చిందో నాకింకా గుర్తుంది, జనం మా చుట్టూ తిరిగి వెళ్తున్నారు.

నాన్న ఆర్టీసీలో సెలవు పెట్టి వచ్చాడు. రెండు మూడేళ్ళలో గ్రీన్‌కార్డ్ వచ్చేస్తుంది, అప్పుడు ఇక్కడే ఏదైనా చేసుకోవచ్చు అని అందరూ చెప్పారు. అమ్మ మొదటి కంపెనీ మా అప్లికేషన్ సగంలో ఉండగా మూతపడింది. రెండో కంపెనీ మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టింది. సెలవు పొడిగించాడు, మళ్ళీ పొడిగించాడు. చివరికి డ్యూటీలో చేరతావా లేదా అని నంద్యాల నుంచి అడిగితే రాజీనామా పంపేశాడు. పోస్ట్‌లో వేసి వచ్చి పప్పు తాలింపు పెట్టాడు.

డిపెండెంట్ అంటే తెలుసు కదా, పని చెయ్యకూడదు. ఇక్కడ ఆడవాళ్ళు చాలామంది అట్లాగే ఉంటారు, వాళ్ళని ఎవరూ వింతగా చూడరు. మగవాడైతే చూస్తారు. ప్రతి బర్త్‌డే పార్టీలో పేపర్ ప్లేట్ పట్టుకున్నవాడెవడో వచ్చి అడిగేవాడు, "మీరెక్కడ చేస్తున్నారండి? క్లయింట్ ఎవరు?" అని. మొదట్లో నాన్న తల దించుకునేవాడు. తర్వాత్తర్వాత ఒక మాట పట్టుకున్నాడు. "నేను డిపోలో ఉండే బండినప్పా. పాడైపోలేదు. డ్యూటీ వెయ్యలేదు, అంతే." వాళ్ళు నవ్వేవాళ్ళు. ఇంటికొచ్చేటప్పుడు కారులో వెనక సీట్లో కూర్చుని అద్దంలోంచి బయటికి చూసేవాడు.

మా కాంప్లెక్స్‌లో అందరివీ పొద్దున్నే పోయే ఉద్యోగాలు. పిల్లల బస్సేమో ఎనిమిదిన్నరకి. చెల్లిని ఎక్కించడానికి వెళ్ళిన నాన్న పక్కింటి పిల్లాణ్ణి చూడమంటే చూశాడు, పై ఫ్లోర్ పిల్లల్ని చూడమంటే వాళ్ళనీ చూశాడు. మెల్లగా స్టాప్ మొత్తం ఆయన చేతికొచ్చింది. రోడ్డుకి నాలుగడుగుల ఇవతల చాక్‌తో గీత గీశాడు. బస్సు ఆగి తలుపు తెరిచేదాకా ఎవరూ ఆ గీత దాటకూడదు. చిన్నవాళ్ళు ముందు, పెద్దవాళ్ళు వెనక. ఎవరి జిప్ ఊడిందో, ఎవడు లంచ్ మర్చిపోయాడో ఆయనకి తెలిసేది. వచ్చీరాని ఇంగ్లీష్‌లో అనౌన్స్ చేసేవాడు, "అటెన్షన్ ప్యాసింజర్స్, స్కూల్ ఎక్స్‌ప్రెస్ కమింగ్, షూ లేస్ చెక్" అని. పిల్లలందరికీ ఆయన బస్ అంకుల్. చెల్లి హైస్కూల్‌కి మారి వేరే బస్సెక్కడం మొదలుపెట్టాక కూడా ఆయన ఆ స్టాప్ వదల్లేదు.

ఒకసారి పై ఫ్లోర్ ఆంటీ కవర్ ఒకటి పట్టుకొచ్చింది.

"అంకుల్, చిన్న గిఫ్ట్ కార్డ్. మా వాణ్ణి రోజూ చూసుకుంటున్నారు కదా."

"వద్దమ్మా. తీసుకుంటే పని చేసినట్టయితాది."

"అయ్యో, గిఫ్టే కదా అంకుల్. ఎవరికి తెలుస్తుంది?"

"నాకు తెలుస్తాది గదమ్మా. రేపు గ్రీన్‌కార్డ్ ఇంటర్వ్యూలో ఎప్పుడన్నా పని చేసినావా అంటే లేదని చెప్పాల గదా. నీకు అంతగా ఉంటే గోంగూర చేసినప్పుడు ఇంత పంపు. గోంగూరకి వర్క్ పర్మిట్ అక్కర్లేదు."

ఆంటీ నవ్వింది. ఆ ఇంటర్వ్యూ ఆయనకి ఎప్పుడూ రాలేదు.

మా ఇంటి మీదుగా విమానాలు పోతాయి, ఎయిర్‌పోర్ట్ అంత దగ్గర. బాల్కనీలో బట్టలు ఆరేస్తూ ఆయన వాటి టైమింగ్స్ అన్నీ పట్టేశాడు. వాటిని కూడా బండ్లనే అనేవాడు. "పదకొండుకి లేసేది దుబాయ్ బండి. ఇయ్యాల లేటు" అని వాచీ చూసుకునేవాడు. వాళ్ళమ్మ పోయినప్పుడు మాత్రం ఏ బండీ ఎక్కలేదు. పాస్‌పోర్ట్‌లో వీసా స్టాంప్ ఎప్పుడో ఎక్స్‌పైర్ అయింది. వెళ్తే కాన్సులేట్‌లో మళ్ళీ వేయించుకుని రావాలి, వెయ్యకపోతే అక్కడే ఉండిపోవాలి. మరుసటి రోజు కూడా స్టాప్‌లో నిలబడ్డాడు. గడ్డం గీసుకోలేదు. అనౌన్స్‌మెంట్ చెప్పలేదు. పిల్లలు కూడా అడగలేదు.

ఇప్పుడు నా సంగతి. డిపెండెంట్ పిల్లలకి ఇరవై ఒకటి నిండితే తల్లిదండ్రుల వీసా కింద ఉండకూడదు. సొంతంగా ఏదైనా వీసా ఉండాలి, లేదా వెళ్ళిపోవాలి. వచ్చే నెలకి నాకు ఇరవై ఒకటి. కాగితం మీద. నిజంగా అయితే నాకింకా ఇరవై కూడా నిండలేదు.

అమ్మ అప్పట్లో హైదరాబాద్‌లో చదువుకుంటోంది, నన్ను ఇంట్లో చూసేవాళ్ళు లేరు. నాన్న ముందుగానే ఒకటో తరగతిలో వేద్దామని తీసుకెళ్ళాడు. తల మీదుగా చెయ్యి వేసి అవతలి చెవి అందుకుంటే వయసు సరిపోయినట్టు, అదీ అక్కడి లెక్క. హెడ్మాస్టర్ జూన్ నెల ఏదో తేదీ వేసి ఒక ఏడాది పెంచేశాడు. ఊళ్ళో అందరికీ అట్లాగే వేసేవాళ్ళు. తర్వాత పాస్‌పోర్ట్ కావాల్సి వచ్చినప్పుడు పుట్టిన సర్టిఫికెట్ కూడా ఆ తేదీతోనే తీశారు. లాయర్ ఇరవై ఒకటి సంగతి చెప్పిన ఆదివారం నాన్న నా పక్కన వచ్చి కూర్చున్నాడు.

"నీకు ఆ పొద్దు చెవి అందలేదురా" అన్నాడు.

"మరి?"

"నేనే నీ తల కొంచెం వంచితి."

"పోనీలే నాన్నా, ఒక్క ఏడాదే కదా" అన్నాను.

"ఏడాదంటే ఏమనుకున్నావు? ఏడాదిలో ఎన్ని బండ్లు వస్తాయి, ఎన్ని పోతాయి" అన్నాడు. అప్పటినుంచి నా వైపు చూసినప్పుడల్లా ఆయన చూపు ముందు నా చెవి మీదికే వెళ్ళేది.

నేను కాలేజీలో నిలవలేకపోయాను. పని చెయ్యకూడదు, ఎక్కడికీ పోకూడదు, ఆ క్లాసుల్లో కూర్చుంటే నా కాళ్ళు ఆగేవి కాదు. మానేస్తానంటే అమ్మ అరిచింది. నాన్న మాత్రం, "దిగాలనుకుంటే దిగు. కానీ బండి ఆగినాక దిగు" అన్నాడు. ఆ సెమిస్టర్ పూర్తి చేసి దిగాను. మళ్ళీ ఎక్కలేదు.

ఈ ఏడాది కొత్త రూల్ వచ్చింది. అమ్మలాగా గ్రీన్‌కార్డ్ లైన్లో కొంతదూరం వచ్చినవాళ్ళ భర్తలూ భార్యలూ మే నెలాఖరు నుంచి వర్క్ పర్మిట్‌కి అప్లై చేసుకోవచ్చు. ఫిబ్రవరిలో ఆ మాట విన్న రోజే నాన్న స్కూల్ బస్సుల గరాజ్‌కి నడుచుకుంటూ వెళ్ళి అడిగొచ్చాడు. పర్మిట్ చేతికొచ్చాక రమ్మన్నారట. నల్ల బూట్లు కొనుక్కున్నాడు. కొత్తవి కరుస్తాయని ఇంట్లో కార్పెట్ మీద వేసుకుని తిరిగేవాడు. చెల్లి, "నాన్నా, యూ లుక్ లైక్ ఎ కాప్" అంటే సెల్యూట్ కొట్టేవాడు. మే నెలాఖరు ఇంకా రానేలేదు.

అస్థికలు కర్నూలు దగ్గర తుంగభద్రలో కలపాలి. అమ్మ వెళ్ళడానికి లేదు. ఆమె స్టాంప్ కూడా ఎక్స్‌పైర్ అయిపోయింది, అక్కడ ఇరుక్కుంటే ఉద్యోగం పోతుంది, చెల్లి ఒంటరిదైపోతుంది. నేను వెళ్తానన్నాను. నిన్నటి గొడవ అక్కడ మొదలైంది.

"అస్థికలు నేను తీసుకెళ్తాలేరా" అన్నాడు మామయ్య. "నువ్విక్కడే ఏదో ఒక కాలేజీలో చేరు, స్టూడెంట్ వీసాకి అప్లై చేయిద్దాం. ఫీజు నేను చూసుకుంటా. ఇప్పుడు వెళ్ళావంటే మళ్ళీ రాలేవు. అర్థమవుతోందా?"

"అయింది."

"ఏమైంది నీ మొహం? అక్కడ నీకెవరున్నారు? తెలుగు చదవడం కూడా సరిగా రాదు. ఏం చేస్తావ్?"

"ఏదో ఒకటి చేస్తా. అక్కడ చెయ్యనిస్తారు కదా."

"అచ్చం మీ నాన్నలాగే మాట్లాడుతున్నావ్" అని, ఆ తర్వాతే ఆ మాట అన్నాడు. పాపం బావ అని.

సాయంత్రం అమ్మ లాప్‌టాప్ ముందు కూర్చుంది. "రౌండ్ ట్రిప్..." అని నా వైపు చూసి ఆగింది. వన్ వే మీద తనే నొక్కింది. నొక్కి, చెయ్యి మౌస్ మీదే ఉంచి కూర్చుంది. చెల్లి ఒక్కటే అడిగింది, "అన్నా, నువ్ కమ్ బ్యాక్ అవుతావ్, రైట్?" అని. తెలీదన్నాను. దానితో అబద్ధం చెప్పడం నాకు చాతకాలేదు.

ఈ పొద్దున మామయ్యే ఎయిర్‌పోర్ట్‌కి తెచ్చాడు. దిగేటప్పుడు, "ఆ బ్యాగ్ పైన పెట్టకురా, ఒళ్ళోనే పెట్టుకో" అన్నాడు. సెక్యూరిటీలో ఒకతను బ్యాగ్ పక్కకి తీసి లోపల ఏముందని అడిగాడు. ఫ్యూనరల్ హోమ్ వాళ్ళిచ్చిన కాగితం చూపించాను. చదివి, రెండు చేతులతో తిరిగిచ్చాడు.

ఇప్పుడు గేట్ దగ్గర కూర్చుని ఫోన్‌లో ఇది కొడుతున్నాను. బ్యాగ్ ఒళ్ళోనే ఉంది. నాన్న బూట్లు నాకు కొంచెం వదులు. పైన టైమ్ చూపిస్తున్నారు. దుబాయ్ బండి ఇవాళ లేటు కాదు.

మామయ్యా, ఫ్రీమాంట్ వెళ్ళేలోపు ఒక్క పొద్దున ఆ స్టాప్ దగ్గరికి వెళ్ళు. ఇవాళ నువ్వు బయటికి వచ్చేలోపు సూట్‌కేస్ కారులో పెడుతూ నేను చూశాను. వారమంతా వాన పడింది, చాక్ గీత ఎప్పుడో పోయింది. అయినా పిల్లలందరూ అది ఉన్నచోటే నిలబడ్డారు. చిన్నవాళ్ళు ముందు, పెద్దవాళ్ళు వెనక. చివర్లో స్తంభం పక్కన ఒక మనిషి నిలబడేంత చోటు ఖాళీగా వదిలేశారు. బస్సొచ్చింది, తలుపు తెరుచుకుంది. ఎవరూ కదల్లేదు. ఎవరో చెప్పాలన్నట్టు ఒక్క క్షణం అట్లాగే

పిలుస్తున్నారు. నేను వెళ్ళాలి.