పెద్దమ్మ కట్టిన నీలి పట్టీ

పక్కింటి పెద్దమ్మ పోయిందని పోయిన నెల ఆమె కొడుకు పొద్దున్నే ఫోన్ చేసిండు. "నిద్రల్నే పోయింది చెల్లె. ఎవరితోని చేయించుకోలే" అన్నడు. ఏడ్పొచ్చింది గానీ, ఆ మాట వినంగనే పానం జర నిమ్మళమైంది. మంచాన పడి ఒకరితోని నీళ్లు తాగించుకునుడంటే ఆమెకెంత భయమో నాకెరుకే.

వరంగల్ల మా అమ్మగారింటి గల్లీల వాళ్లది జంపఖానాలు నేసే ఇల్లు. వాకిట్ల ఎప్పుడూ రంగులద్దిన నూలు ఆరుతుండేది. గల్లీల ఎవరికి సర్ది పట్టినా, తలకాయ నొచ్చినా పెద్దమ్మ దగ్గరికే. నీళ్లు మసలబెట్టి, ఇంత వాము, చిటికెడు పసుపు ఏసి, గొంగడి కప్పేది. పిల్లలు గిన్నె ఎక్కడ ఒలకపోసుకుంటరో అని తనూ గొంగడిల దూరేది. "నీకు సర్ది లేదు కదా పెద్దమ్మా?" అంటే, "నువ్వు కాల్చుకోకుంట కావలుంటున్న" అనేది. ఇగ రెండు దినాలకు ఆమె కూడా తుమ్ముకుంట తిరిగేది. మేము నవ్వితే, "నవ్వుండ్రి, నవ్వుండ్రి. మీరిచ్చిందే కదా!" అని తిట్టేది.

తర్వాత మిరియాల చారు. ఘాటుకు మొహం తిప్పితే ఊకునేదా? "ఐసుగోలా తినేటప్పుడు ఈ పెద్దమ్మ యాదికి రాలేదా?" అనుకుంట గ్లాసు మూతికాడ పెట్టేది.

చిన్నప్పుడొకసారి జ్వరంతోని తలకాయ పగిలిపోతాందని ఏడ్చుకుంట పోయిన. చేతికందిన గుడ్డ పీలిక తీసి నుదురు చుట్టూ బిర్రుగ కట్టి పండబెట్టింది. పొద్దుగూకంగ అమ్మొచ్చి చూస్తే నా నుదురంతా నీలం! "పిల్ల నీలమైపోయిందిరో!" అని అమ్మ శోకాలు పెట్టింది. బాపు ఆటో కోసం ఉరికిండు. పెద్దమ్మ వంగి, బొటనవేలితోని నా నుదురు మీద ఒక్క గీత గీసింది. వేలంతా నీలం. నూలుకు రంగేసి చేతులు తుడుసుకున్న గుడ్డనే నాకు కట్టిందట. చెమటకు రంగు దిగింది, దాంతోని జ్వరమూ దిగింది. "అయ్యో, నా మతి మండ!" అని నెత్తి కొట్టుకొని నవ్వింది. ఆటో ఆయన కూడా నవ్వుకుంట పోయిండు.

అట్లని అన్నీ ఇంట్లనే తక్కువైతయని అనకపోయేది. "జలుబైతే నా దగ్గరికి రాండ్రి. మెడ వంగకున్నా, దమ్ము ఆడకున్నా, జ్వరం ఇడవకున్నా దవాఖానకు పోండ్రి. నా వాము ఆడ పనిజెయ్యదు" అని గట్టిగ చెప్పేది.

పోయిన వారం మడికొండల మా ఇంట్ల నా బిడ్డకు సర్ది, జ్వరం, తలకాయ నొప్పి. ఇన్నేండ్లు ఏ జలుబుకైనా ముందు పెద్దమ్మకే ఫోన్ కొట్టేదాన్ని. ఆ రోజు కూడా ఫోన్ తీసిన, మళ్ల పక్కకు పెట్టిన. ఇంట్ల పెద్దోళ్లెవరు లేరు, పెద్దమ్మ చెప్పినవి ఒక్కొక్కటి యాది చేసుకున్న. "మెడ వంచు బిడ్డా" అన్న. వంచింది. దమ్ము మంచిగనే ఆడుతాంది. డాక్టరు ఇదివరకు చెప్పిన జ్వరం గోలీ ఏసిన. చారు తాగించిన. ఆవిరి పట్టేటప్పుడు గొంగడిల నేనూ దూరిన. పాత గుడ్డ ఒకటి తడిపి, పిండి, రంగు దిగుతలేదని రెండుసార్లు చూసుకొని నుదురుకు కట్టిన.

పొద్దుగూకంగ పిల్ల మెడ మీద చెమట పట్టింది. పట్టీ ఇప్పి, బొటనవేలితోని నుదురు మీద గీత గీసిన. వేలికి చెమట తప్ప ఏ రంగూ అంటలేదు. నుదురు సల్లగుంది. హమ్మయ్య అనుకునేలోపే నాకు గట్టిగ ఒక తుమ్మొచ్చింది. పిల్ల కండ్లు తెరిచి కిసుక్కుమంది.

"నవ్వు, నవ్వు. నువ్విచ్చిందే కదా!" అన్న.