చింతపండు కాదు, రబ్బరు

అక్కల్లారా, దక్షిణాఫ్రికా సముద్రపొడ్డున మన ఉమ్‌కోమాస్ ఊళ్లో ఉప్పుగాలికి ఇత్తడి దీపాలు ఎలా నల్లబడేవో గుర్తుందా? ఇవాళ దీపం తోముదామని సొరుగు తీస్తే, పోయిన నా కూతురు సరోజ పెన్సిల్ రబ్బరు దొరికింది.

తెల్లా నల్లా తేడా లేకుండా అందరం కలిసి మొదటిసారి ఓటేసిన ఏడాది సరోజ కంప్యూటర్ మూడుసార్లు బీప్‌మని మొరాయించింది. బడికివ్వాల్సిన వ్యాసం అందులోనే ఉంది. మెమరీ పోయింది, కొత్తది కొనమన్నాడు షాపతను. సరోజ ఏడుస్తూ పెట్టె విప్పి మెమరీ ముక్క తీసింది. ఆ ముక్క అంచున ఉన్న లోహపు పళ్లు మసకబారి ఉన్నాయి.

"పోవడమేంటే? దీపంలాగే చిలుమెక్కింది. చింతపండు తేనా?"

"అయ్యో మా, తడి వద్దు! నా రబ్బరుతో రుద్దు."

రుద్దాను. మళ్లీ బిగించగానే తెరమీద అంకెలు పరుగెత్తాయి.

"మా, నువ్వు గెలిచినావ్!" అని సరోజ నన్ను వాటేసుకుంది.

మూడో తరగతి చదివిన నేను కంప్యూటర్‌ను బతికించాను. చూసింది అదొక్కతే, అదీ ఇప్పుడు లేదు. అందుకే ఇవాళ మీకు చెబుతున్నాను.