నాలుగో సబ్జెక్టు

మా తమ్ముడు ఆసుపత్రిలో మిషన్లు బాగుచేస్తాడు. ఇరవై రెండేళ్లుగా అదే పని, కింది అంతస్తులో అదే కిటికీ లేని గది. ఏదైనా చెడిపోతే తప్ప అక్కడ ఎవరికీ గుర్తుకు రాడు. సాయంత్రం ఇంటికొచ్చి చెప్పులైనా విప్పకుండా కుర్చీలో కూలబడతాడు. పలకరిస్తే "ఊఁ" అంటాడు. రెండోసారి పలకరిస్తే అదీ ఉండదు.

వాడి కూతురు చదివే హైస్కూలు ఆఫీసులో నేను గుమాస్తాను. పదకొండో తరగతికి వెళ్లే పిల్లలు నాలుగు సబ్జెక్టులు రాసిచ్చే ఫారాలు నా బల్ల మీదికే వస్తాయి. నా మేనకోడలికి బయోమెడికల్ ఇంజనీరు కావాలని పట్టుదల. నాన్న బాగుచేసే మిషన్లను తాను తయారు చేస్తుందట. లెక్కలు, ఫిజిక్సు, కెమిస్ట్రీ సరే. గొడవంతా నాలుగోదాని దగ్గరే. బయాలజీ లేకుండా ఆ చదువేమిటని సైన్సు టీచరు నెత్తీనోరూ బాదుకుంది. మావాడు చెవిన వేసుకుంటేగా!

"మిషన్‌కి నెత్తురుండదే. కంప్యూటర్ తీసుకో" అన్నాడు.

వారం రోజులు వాదించి వాదించి పిల్ల అలిసిపోయింది. కంప్యూటర్ అని రాసి, నా మొహం చూడకుండా ఫారం ఇచ్చి వెళ్లింది. నాకు ఒళ్లు మండింది. ఆ ఫారాన్ని కట్టలో అన్నిటికంటే అడుగున పెట్టాను. అంతకంటే నేను చేయగలిగిందేముంది?

జాబితా పంపాల్సిన రోజు మధ్యాహ్నం తమ్ముడు పనిముట్ల సంచితో సహా వచ్చి నా ఎదురుగా కూర్చున్నాడు.

"అక్కా, అమ్మాయి ఫారం వెళ్లిపోయిందా?"

"నాలుగింటికి వెళ్తుంది. ఏం, ఇంకేం కొట్టేయిస్తావు?"

"దాన్ని పిలువు" అన్నాడు. మొహంలో నెత్తుటి చుక్క లేదు. పిలిపించాను.

పిల్ల వచ్చి గుమ్మంలోనే నిలబడింది. వాడు నేల చూస్తూ చెప్పాడు. పొద్దున వార్డులో ఒక పెద్దాయన వేలికి ఆక్సిజన్ చూసే మిషన్ పెడితే ఎనభై రెండు చూపిస్తోందట. తొంభై అయిదు పైన ఉండాలి. ఆయనేమో నవ్వుతూ కబుర్లు చెబుతున్నాడు. వీడు మిషనే చెడిందనుకున్నాడు. తన వేలికి పెట్టుకుంటే తొంభై ఎనిమిది. వైరు లూజు అనుకుని మార్చాడు. కిందికి వెళ్లి ఇంకో మిషన్ తెచ్చాడు. అదీ ఎనభై రెండే అంది. ఈలోగా అటుగా వచ్చిన నర్సు పెద్దాయన నీలం తిరిగిన పెదాలు చూసి డాక్టరు కోసం పరిగెత్తింది.

"పావుగంట పోగొట్టానమ్మా. మిషన్ నిజమే చెప్పింది. మనిషిని చూడటం నాకు రాలేదు. నాకు తెలియక నీకు చెప్పాను. బయాలజీ తీసుకో."

మా తమ్ముడు తప్పు ఒప్పుకోగా నేను చూడటం అదే మొదటిసారి. కట్ట అడుగు నుంచి ఫారం తీసి బల్ల మీద పెట్టాను. పిల్ల మాత్రం కరగలేదు.

"ఇప్పుడా నాన్నా? ఏడ్చి ఏడ్చి ఇప్పుడిప్పుడే సర్దుకున్నాను" అంది. మళ్లీ తనే, "ఆ తాత ఎలా ఉన్నారు?" అని అడిగింది.

వాడు బిత్తరపోయాడు. "తెలీదు. మిషన్ బాగానే ఉందా అని మా ఆఫీసులో అడిగారు. బాగానే ఉందని చెప్పి ఇలా వచ్చేశాను."

పిల్ల ఫారం తీసుకుని కంప్యూటర్ కొట్టేసింది, పైన బయాలజీ అని రాసి సంతకం పెట్టింది. తర్వాత నా బల్ల మీది ఫోను వాడి ముందుకు జరిపింది.

"వార్డుకి చెయ్యి నాన్నా."

వాడు నంబరు నొక్కాడు.

"నేనండీ, మిషన్లు చూసేవాణ్ణి... లేదండీ, మిషన్ సంగతి కాదు. పొద్దుటి పెద్దాయన ఎలా ఉన్నారో కనుక్కుందామని."