ముప్పై ఏళ్ల తర్వాత తేలిన పందెం

మా అమ్మాయి తన సూపర్‌చార్జర్ బిగించిన కారుని, తిన్నటి రోడ్డు మీద జరిగే డ్రాగ్ రేసు కోసం ట్యూన్ చేయిస్తుంటే ఈ రోజు రాజమండ్రి షెడ్డుకి నేనూ వెళ్లాను. లాప్‌టాప్ పెట్టి చూశాక కూడా ముసలి మెకానిక్ సత్తిబాబు గారు పొడుగాటి స్క్రూడ్రైవర్ ఇంజిన్‌కి ఆనించి, పిడి చెవికి పెట్టుకుని కళ్లు మూసుకున్నారు. కాలేజీ రోజుల్లో నా టూ స్ట్రోక్ బండినీ ఇలాగే వినేవారు. ఆ బండి మీదే కొవ్వూరు కాలవగట్టు మీద బండ్ల పందెం ఓడిపోయాను. ట్యూనింగ్ సరిగ్గా లేదని ఇప్పటికీ అందరికీ చెబుతుంటాను; ఇవాళ ఆయన ముందూ అదే అన్నాను.

“ఆ రోజు నేనూ గట్టు మీదే ఉన్నాను, మీ బండి బాగానే ఉందండి,” అన్నారాయన నవ్వుతూ. “గేరు మార్చాల్సిన చోట మీరు రేవులో నిలబడ్డ అమ్మగారి వైపు చూశారు. అప్పటికింకా మీకు పెళ్లి కాలేదు లెండి.”

ముప్పై ఏళ్లుగా మా ఆవిడకీ ట్యూనింగ్ కథే చెప్పాను. మా అమ్మాయి అప్పటికే వాళ్లమ్మకి ఫోన్ కలిపేసింది.

ఇంకా షెడ్డులోనే ఉన్నాను. ఇంటికెళ్లి ఏం చెప్పమంటారు?